పుర్రచేతి ముడి

నల్ల అంబాసిడర్‌ను నా కారు సీట్లు కుట్టే దుకాణం ముందు ఆపినవాళ్లు యూనిఫాంలో లేరు. అయినా వాళ్లెవరో ఆ రోజుల్లో కోరుట్లలో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఏదో దొర అన్నలకు జడిసి వదిలేసి పట్నం పారిపోయిన కారు అది, ఇప్పుడు పోలీసు క్యాంపులో తిరుగుతోంది. వెనక సీటుకు కొత్త రెగ్జిన్ వెయ్యాలి, పాత కవరు కాల్చెయ్యాలి అన్నారు. ఒకణ్ణి కాపలా పెట్టి పోయారు. వాడు ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చున్నాడు.

ముందే కాల్చేస్తే కొలత ఎక్కడిది? పాత కవరు కుట్లు విప్పి, పరిచి, దాని ప్రకారమే కొత్తది కత్తిరించాలి. ఆ సంగతి తెలిస్తే వాళ్లు కారు నా దగ్గరికి తెచ్చేవాళ్లే కాదు.

కవరు ముతక నూలు గుడ్డ. కడిగినా మరక పోలేదు. మనిషిని చేతులు వెనక్కి కట్టి కూర్చోబెడితే అవి ఆనే చోట గుడ్డ చిరిగి ఉంది. ఆ తెగిన పోగుల్ని ఎవరో ఒక్కొక్కటే ముడేసి అతికారు. నేతగాళ్ల ముడి, అదీ తిరగబడి ఉంది. పుర్రచేతి ముడి.

అట్లా ముడేసేవాడు నాకు తెలిసి ఒక్కడే, సిరిసిల్లలో మా ఆవిడ చాంద్‌బీ పుట్టింటి పక్కన ఉండే లసుమవ్వ కొడుకు, మగ్గం నేసే ఓదెలు. మొన్న ఎండాకాలం తల్లితో మా ఇంటికొచ్చి, అడక్కుండానే దుకాణం పరదా అతికాడు. తెగిన పోగు కనిపిస్తే వాడి చెయ్యి ఊరుకోదని లసుమవ్వ నవ్వింది. ఇప్పుడు వాడు కనిపించడం లేదు. పోలీసులే పట్టుకుపోయారని ఆమె రోజూ సిరిసిల్ల బస్సులో వచ్చి క్యాంపు గేటు దగ్గర అడుగుతోంది. బొంబాయి పోయుంటాడని తోలేస్తున్నారు. తిరుగు బస్సు వచ్చేదాకా నా అరుగు మీదే కూర్చుంటుంది.

ఆ రోజూ వచ్చింది. నేను కవరు మడిచేలోపే చూసింది. వంగి ముడుల మీద వేలు పెట్టింది. ఆమె అరిస్తే నా పని అయిపోయినట్టే. 

ఆమె అరవలేదు. కాపలావాడికి వీపు చేసి, నా కత్తెరతో ఒక ముడి కత్తిరించి రొంటిన దోపుకుంది.

"కాలవెట్టు కొడుకా. నీకు పిల్లలున్నరు."

కొత్తది కత్తిరించుకుని, పాతది కాపలావాడి కళ్ల ముందే కాల్చాను. భయం మాత్రం కాలలేదు. కొడుకు లేడని తెలిసిన తల్లి ఇక గేటు దగ్గరికి ఎందుకు పోతుంది? పోకపోతే, ఆమెకు ఎవరు చెప్పారని వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఏ జీపు ఆగినా నా కోసమే అనుకున్నాను.

మర్నాడు పొద్దున లసుమవ్వ బస్సు దిగింది. నా వైపు చూడలేదు. ఎప్పటిలాగే కొంగు నెత్తిన కప్పుకుని, గేటు దగ్గర నిలబడి అడిగింది.

"మా ఓదెలు జాడేమన్న తెలిసిందా సారూ?"