జాతరనాటి కట్టు

మా ఐశ్వర్య బడిలో మెట్ల మీద ఇంకో పిల్లను తోసింది. ఆ పిల్లకు నుదుటి మీద నాలుగు కుట్లు పడ్డాయి. తోసిన ఊపులో ఇదీ జారిపడి కుడి ముంజేతి ఎముక విరగ్గొట్టుకుంది. ఐదేళ్ళు దానికి. పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించుకొని తిరుపతికి వచ్చేసరికి సాయంత్రమైంది. గడప దగ్గర చెప్పులు విడుస్తుంటే, మా అత్త చంద్రకాంతమ్మ పిల్ల చేతివంక కూడా చూడకుండా ఒక మాట అంది.

"ఊరికే వస్తాదా మే ఆ బుద్ధి? మునిరామయ్య రక్తం."

ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు. మునిరామయ్య మా అత్తకు అత్త అయిన శకుంతలమ్మ అవ్వకు కన్నతండ్రి. పుత్తూరు అవతల పల్లెలో, జాతర రోజు సాయంత్రం, బెల్లం గానుగ దగ్గర సుందరరాజు అనే పెద్దరైతును గొడ్డలితో నరికాడని ఆయన్ను ఉరితీశారు. అరవై ఏళ్ళు దాటిపోయింది. పెళ్ళప్పుడు ఈ సంగతి నాకు చెప్పలేదు. ఐశ్వర్య కడుపున పడ్డాక చెప్పారు.

అత్త ఆ మాట అన్నప్పుడు అవ్వ అక్కడే కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు, కాదనలేదు. నాకు భయం వేసింది అందుకే. సొంత బిడ్డే కాదనకపోతే ఇంక కాదనడానికి ఎవరున్నారు?

ఆ రోజు నుంచి నా కళ్ళు పిల్ల మీదే. చీమను చిదిమితే చెయ్యి పట్టుకొని ఆపేదాన్ని. బొమ్మను గోడకేసి కొడితే, కోపంతో కొట్టిందా ఆటకు కొట్టిందా అని ముఖంలోకి చూసేదాన్ని. నిద్రలో పళ్ళు కొరికినా ఏదో ఒకటి తోచేది. మా ఆయన ధనశేఖర్‌తో చెబితే నవ్వాడు. ఆయన అలిపిరి దగ్గర జీపు నడుపుతాడు, దినమంతా మనుషుల్ని చూసేవాడు. పిల్లలన్నాక తోసుకోరా అన్నాడు. మెల్లగా, ఆ కథ మీద ఒక సినిమా కూడా ఉందని చెప్పాడు. వాళ్ళ నాయన చిన్నప్పుడు మద్రాసు నుంచి ఎవరో వచ్చి ఆ పల్లెలోనే పద్దెనిమిది రోజుల్లో తీసి వెళ్ళిపోయారట. పుత్తూరు టాకీసులో వారం ఆడి పోయిందట. ఎవరో ఈ మధ్య యూట్యూబులో పెట్టారట. ఆయన చూడలేదు. నన్నూ చూడొద్దన్నాడు.

చూడొద్దంటే ఆగేదాన్నే. కానీ మునిరామయ్య ఎలాంటి మనిషో తెలియాలి నాకు. కోపం ఎట్లా వచ్చేదో, వస్తే ముఖం ఎట్లా మారేదో. ఒక మధ్యాహ్నం పిల్ల నిద్రపోయాక, ఫోను సౌండు తగ్గించుకొని పెట్టాను.

ఎంత పేద సినిమా అంటే చెప్పలేను. పోలీసు స్టేషన్ గోడే కోర్టు గోడ. మధ్యలో పటం ఒక్కటి మార్చారు. జడ్జి పెదవులు కదలడం ఆగిపోయాక కూడా మాట వినబడుతూనే ఉంటుంది. సాక్షి బోనులో ఉండగా వెనక కిటికీలో ఒక మేక తొంగి చూసి పోయింది. నవ్వొచ్చింది. అంతలో ఉరి రోజు వచ్చింది. ఉరికంబం వాళ్ళ దగ్గర లేనట్టుంది. తాడు చూపించలేదు. ఒక ఇంటి ముందు ఆ మనిషి చెప్పులు రెండు పక్కపక్కన ఉన్నాయి. లోపల ఆయన భార్య గోడకానుకొని కూర్చుంది. పొయ్యి మీద ఎసరు కాగుతోంది. అంతే. పాట లేదు, ఏడుపు లేదు. ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా అదే చూపించారు. ఆమె లేవలేదు. ఏమీ లేనివాళ్ళు ఇంత పని ఎట్లా చేశారని చేతులు జోడించబుద్ధి అయింది.

ఆయనకు కోపం వచ్చే సీను కోసం మళ్ళీ మొదటినుంచి పెట్టాను. అప్పుడు కనబడింది.

జాతర సీను. డప్పులు, వేపమండలు, జనం. ఆయన భుజం మీది నుంచి తువ్వాల కుడి చేతి మీదికి కప్పుకొని నిలబడ్డాడు. జనం తోసుకొచ్చారు. తువ్వాల జారింది. కింద కట్టు. వెదురు బద్దలు పెట్టి, గుడ్డుసొనతో గుడ్డ బిగించిన పుత్తూరు కట్టు, మోచేయి నుంచి వేళ్ళ దాకా. మూడు క్షణాలు కూడా ఉండదు. ఎడమచేత్తో తువ్వాల మళ్ళీ లాక్కున్నాడు.

జాతర ముందు, నరకడం తర్వాత. కోర్టు సీనులో సర్కారు వకీలు చెప్పింది వేరే. సుందరరాజుతో పెనుగులాటలో ముద్దాయి చెయ్యి విరిగిందట, ఆ కట్టే సాక్ష్యమట. రెండు చేతులతో గొడ్డలి ఎత్తి కొట్టాడని చూసినవాడు చెప్పాడు. మరి విరగకముందే కట్టు ఎక్కడిది?

వీడియో కింద జనం రాసినవి చదివాను. అందరూ ఎగతాళే. "ఇంకా కొట్లాటే కాలేదు, కట్టు ఎట్లొచ్చిందప్పా," అని ఒకడు. ఏ సీను ముందు తీశారో ఏది తర్వాత తీశారో మర్చిపోయారు, డబ్బుల్లేని సినిమా ఇట్లనే ఉంటుందని ఇంకొకడు.

నాకు నవ్వు రాలేదు. ఆ మనిషి జనం మీదపడినప్పుడు చేసిన పని నేను ఆ పదిరోజులుగా రోజూ చూస్తున్నాను. ముందు భుజం తిరుగుతుంది, తర్వాత నడుము, చెయ్యి మాత్రం పొట్టకు ఆనించుకొని కదలదు. వీధిలో కుక్క అడ్డమొచ్చినా మా ఐశ్వర్య అట్లనే పక్కకు తిరిగేది. దానికి అన్నం నేను తినిపించాలి, గౌను గుండీ నేను పెట్టాలి. ఆ చేత్తో బలపం పట్టుకోలేక ఏడ్చేది. ఆ కట్టు మరచిపోయి పెట్టింది కాదు. తెలిసినవాళ్ళు ఎవరో చెప్పి పెట్టించారు. చదువుకున్నవాళ్ళు తప్పు అనుకుంటున్నారు, నేను పదో తరగతిలో ఆగిపోయినదాన్ని, నాకు ఎందుకు ఇట్లా అనిపిస్తోందని వెనక్కి తగ్గాను. మళ్ళీ చూశాను.

అవ్వ పంచలో ఉంది. అయినా అడగడానికి రెండు రోజులు పట్టింది నాకు. సినిమావాళ్ళు వచ్చింది గుర్తుందా అని మొదలుపెట్టాను.

గుర్తుందంది. అప్పటికి అవ్వకు ఇరవై దాటాయి, మా మామ చంకలో ఉన్నాడు, పుట్టింటికి పోయి ఉంది. మద్రాసాయన ఒకాయన వచ్చి వాళ్ళమ్మతో అరుగు మీద కూర్చుని పొద్దు గూకేదాకా మాట్లాడాడట. ఆమె ఏం చెప్పిందో అవ్వకు తెలియదు. ఆ మాటలు చెవిన పడకుండా లోపల రోకలి పట్టుకుందట, దంచాల్సిన వడ్లు అయిపోయినా దంచుతూనే ఉందట.

"ఎందుకవ్వా?" అన్నాను.

"మా యమ్మ నాయన సంపలేదని సెప్తాది. సంపినాడని నాకు తెలుసు."

ఎట్లా తెలుసని అడిగాను. అవ్వ చేతిలో చాట కింద పెట్టింది.

"ఏటా జాతరకు నాయన నన్ను బుజాన కూసోబెట్టుకుంటాడు. ఆ పొద్దు రెండు సేతులూ సాపి అడిగినా. ఎత్తుకోలేదు. ఏడ్సినా. నా తట్టు సూడకుండా పక్కకు తిరుక్కున్యాడు. మాపుకు ఆడ నరికినారని ఊరంతా ఒకటే కేకలు. బిడ్డ మింద ఎప్పుడూ లేని కోపం ఆ పొద్దే ఎందుకొచ్చె? మనసులో అది పెట్టుకున్నోడు కాబట్టే. ఎవురికీ సెప్పలేదు మే. ఆరేండ్ల పిల్లని, నన్నెవురడిగినారు?"

కోర్టు, సాక్షి, వకీలు అందరూ ఒకవైపు ఉన్నా, అవ్వకు అవన్నీ అక్కర్లేకపోయాయి. తండ్రి తనను ఎత్తుకోలేదు, ఆ ఒక్కటి చాలింది. అరవై ఏళ్ళకు పైగా దాన్ని లోపలే పెట్టుకుంది.

చేతికి కట్టు ఉండేది కదా అన్నాను. పోలీసులు పట్టుకుపోయేటప్పుడు చూశానంది, పెనుగులాటలో విరిగిందని అందరూ చెప్పారంది. జాతరలో ఉందో లేదో తెలియదు, కొత్త తువ్వాల కప్పుకున్నాడు, అది గుర్తుంది.

ఫోను తెచ్చి ఆ సీను పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకొని దగ్గరికి లాక్కుంది.

"ఈయన మా నాయన మాదిరి లేడు. మా నాయన పొట్టి."

జనం తోసుకొచ్చారు. తువ్వాల జారింది. ఆయన పక్కకు తిరిగాడు. అవ్వ మళ్ళీ పెట్టమని వేలితో చూపించింది. పెట్టాను. మళ్ళీ. ఎన్నిసార్లో లెక్కలేదు. చివరికి తన కుడిచేతిని పొట్టకు ఆనించుకొని, కూర్చున్నచోటే భుజం పక్కకు తిప్పి చూసుకుంది. ఒకసారి అటు, ఒకసారి ఇటు. డెబ్బై దాటిన మనిషి. అట్లా ఆమెను చూస్తుంటే గుడిలో హారతి ముందు నిలబడినట్టు నేను కదలకుండా ఉండిపోయాను.

వంటింటి గుమ్మంలో మా అత్త ఎప్పటినుంచి నిలబడిందో తెలియదు.

"ఎడమసేత్తో కొట్టలేడా?" అంది. "సినిమాలో సూపిచ్చిందంతా నిజమేనా? మీయమ్మ మొగుడి కోసరం ఏమైనా సెప్తాది."

అత్త అన్నదాంట్లో తప్పులేదు. అవ్వ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది.

"కొట్టినాడో లేదో నాకేం తెలుసు చంద్రకాంతా? నా మింద కోపమొచ్చి తిరుక్కోలేదు. ఇప్పటికి అది తెలిసె."

అత్త లోపలికి పోయి, కాఫీ వేళ కాని వేళ, అవ్వకు కాఫీ కలిపి తెచ్చి పక్కన పెట్టింది.

ఆ వారమే ఐశ్వర్యకు కట్టు మార్చాలి. పుత్తూరుకు తానూ వస్తానంది అవ్వ. వాళ్ళమ్మ పోయాక ఆ దిక్కు తొక్కని మనిషి, మాకంటే ముందు తల దువ్వుకొని జీపులో కూర్చుంది.

కట్లు కట్టే చోట ఎప్పటిలాగే జాతరలా జనం. రేకుల షెడ్డు కింద బెంచీల మీద, నేల మీద, చేతులు విరిగినవాళ్ళు, కాళ్ళు విరిగినవాళ్ళు, తమిళం మాట్లాడేవాళ్ళు, తెలుగు మాట్లాడేవాళ్ళు. ఆకుపసరు వాసన. మా నెంబరు రావడానికి గంట పడుతుందన్నారు. నేను పిల్లను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. అవ్వ కూర్చోలేదు. చేతికర్ర ఊతంగా మగవాళ్ళ బెంచీ దగ్గరికి పోయింది. కుడిచేతికి కట్టున్న ఒక లుంగీ మనిషి ముందు నిలబడి, కర్ర ఆయనవైపు చాపింది.

"అబ్బయ్యా, దీన్ని రెండు సేతుల్తో పట్టుకొని పైకెత్తు సూద్దాం."

పెద్దావిడ అడిగిందని ఆయన ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచేతి వేళ్ళు కర్రకు ఆనాయి, మూసుకోలేదు. అమ్మా అని వదిలేశాడు. కట్టి ఎన్నాళ్ళయిందని అడిగింది. తొమ్మిదో రోజన్నాడు. అవ్వ తల ఊపి పక్కవాడి దగ్గరికి జరిగింది. వాడు చెరకు బండి మీది నుంచి పడ్డవాడు. పట్టుకున్నాడు కానీ రొమ్ము దాకా కూడా లేపలేకపోయాడు. మూడోవాడు వయసు కుర్రవాడు, కండ ఉన్నవాడు. పళ్ళు బిగించి ముఖం దాకా ఎత్తాడు. చెమట పట్టింది వాడికి. కట్టి నెల దాటిందన్నాడు. అవ్వ వాడివంక చాలాసేపు చూసింది. తన తండ్రికి ఎన్నాళ్ళయిందో ఆమెకు తెలియదు. ఇక తెలిసే దారీ లేదు.

"ఏంది అవ్వా నీ పరీక్ష?" అని నవ్వాడు కుర్రవాడు. పక్కవాళ్ళూ నవ్వారు.

అవ్వ నడుము నిటారుగా పెట్టుకుంది. నాకు తెలిసిపోయింది ఏం చెప్పబోతోందో. పిల్ల చెవులు మూయాలని చెయ్యి లేచింది. మూయలేదు.

"మా నాయన పేరు మునిరామయ్య. ఈ పక్క పల్లెనే. సేతికి కట్టుండంగానే గొడ్డలితో ఒకాయన్ని నరికినాడని ఉరేసినారు. అయితాదా కాదా అని సూస్తా ఉండా."

నవ్వులు ఆగిపోయాయి. తమిళంవాళ్ళకు ఎవరో చెవిలో చెప్పారు. షెడ్డు అంతటా ఆ మాట ఒకరినుంచి ఒకరికి పోవడం నాకు కనబడింది. ఒళ్ళో ఐశ్వర్య తల ఎత్తి, మునిరామయ్య అంటే ఎవరని అడిగింది. అవ్వ వాళ్ళ నాయన అని చెప్పాను. మంచోడా అంది. తెలియదు, అవ్వ కనుక్కుంటోంది అన్నాను.

అటు చివర బెంచీ మీద నెరిసిన మీసాలాయన ఒకరు లేచారు. కుడిచేతికి కట్టు, ఇంకా తడి ఆరలేదు. ఎవరూ అడగకుండానే వచ్చి అవ్వ ముందు నిలబడి, ఆ చేతిని ముందుకు చాపారు. ఆయన వెనక ఇంకొకరు. ఆ వెనక ఇద్దరు. అవ్వ కర్రను రెండు చేతులతో పట్టుకొని మొదటాయనకు అందించింది.