మృదుల వీణ వాయించిందా?

పదహారేళ్ళ పిల్ల గూఢచారి పని చేస్తుందంటే వెంకటలక్ష్మి మొదట నమ్మలేదు. నాలుగో పేజీ దాటేసరికి నమ్మడమే కాదు, ఆ పిల్లకి దిష్టి తగులుతుందేమోనని బెంగ కూడా పెట్టుకుంది.

బెంగళూరు కాడుగోడిలో వాళ్ళ మేడమీద గదిలో అద్దెకుండే అక్షర, రోజూ హూడిలో ఆఫీసు ముగించుకొచ్చి, మెట్ల మీద కూర్చుని ఆ నవల చదివి వినిపించేది. అవరెకాయల కాలం, అదే అనపకాయల కాలం. వెంకటలక్ష్మి ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, నానిన గింజల తోలు వేళ్ళతో పితికి తీస్తూ వినేది. కథ పట్టులో పడిందంటే గింజా తోలూ రెండూ ఒకే గిన్నెలోకి పోయేవి.

నవలలో మృదుల ఇంటర్ చదువుతూ, బజ్జీల బండి నడిపే ముసలావిడ దగ్గర గూఢచారి విద్య నేర్చుకుంటుంది. ఆ ముసలావిడ తిట్లకే సగం మంది దొంగలు లొంగిపోతారు. క్లాసులో తరుణ్ అంటే మృదులకి ప్రాణం, అతనికీ అంతే. కానీ సాయంత్రాలు ఎక్కడికి పోతావని అతను అడిగినప్పుడల్లా "వీణ క్లాసుకి" అని చెప్పి తప్పించుకుంటుంది.

"ఒక్క అబద్ధం మీద ఇంత కథ కట్టిందే, రాసినామెకు ఎంత తెలివి ఉండాదమ్మా," అనేది వెంకటలక్ష్మి కళ్ళు తుడుచుకుంటూ. నవ్వితే ఆమెకు కళ్ళనీళ్ళు వస్తాయి.

వెంకటలక్ష్మికీ అలాంటి వీణ క్లాసు ఒకటి ఉంది. ఆమెకు తెలుగు చదవడం రాదు. మూడు తరాలుగా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, బడిలో నేర్చుకున్నది కన్నడ. బెంగళూరు పాత తెలుగు కుటుంబాల్లో ఇదేమీ వింత కాదు. కానీ రెండేళ్ళ కిందట తణుకు నుంచి కొత్తగా వచ్చిన అక్షర, ఇంటామె నోట తెలుగు విని పొంగిపోయి, "మీరు నవలలు చదువుతారా ఆంటీ?" అని అడిగింది. ఆ సంబరం చూసి కాదనలేక "చదవకేమమ్మా" అనేసింది. అప్పట్నించీ తెలుగు పుస్తకం చేతికొచ్చినప్పుడల్లా కళ్ళజోడు కనబడేది కాదు. పొద్దున కన్నడ పేపరు దగ్గర మాత్రం అది ముక్కు మీదే ఉండేది.

కథ తరుణ్ అక్క నిశ్చితార్థం దాకా వచ్చింది. చుట్టాలందరూ కూర్చున్నారు. తరుణ్ ఎక్కణ్ణించో వీణ మోసుకొచ్చి మృదుల ముందు పెట్టి, నువ్వు వాయిస్తావని అందరికీ చెప్పానన్నాడు. అధ్యాయం అక్కడ ఆగింది. ఆ మర్నాడే అక్షరని హైదరాబాద్ ఆఫీసుకి మార్చారు.

ఆదివారం క్యాబ్ గేటు ముందు నిలబడి ఉండగా అక్షర పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"లాస్ట్ చాప్టర్ ఒక్కటే ఆంటీ. నేను కూడా చదవలేదు, మీతో చదువుదామని ఆపుకున్నా. మీరు చదివి నాకు ఫోన్‌లో చెప్పండి. మీ నోట వినాలి నాకు."

వీణ ముందు కూర్చున్న మృదులకి ఎలా ఉండి ఉంటుందో వెంకటలక్ష్మికి అప్పుడు బాగా తెలిసొచ్చింది. "అట్లే కానీలేమ్మా," అంది.

పిల్ల ఫోన్ చేసి అడిగినప్పుడల్లా పని ఉండాదని దాటేసింది. ఎవరినైనా పిలిచి చదివించుకోవచ్చు. కానీ అక్షర అడిగింది అది కాదు. ఇన్నాళ్ళూ తనను నమ్మిన పిల్లకి ఇంకో అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. నిజం చెప్పడానికి సిగ్గు.

చివరికి దారి చూపించింది మృదులే. ఆరో అధ్యాయంలో దొంగల రహస్య లిపి చీటీ ఎవరికీ అంతుబట్టకపోతే, అందులో ఉన్నది బళ్ళో రోజూ పాడే ప్రార్థనేనని పసిగట్టి, కంఠస్థమైన మాటల్ని పట్టుకుని ఒక్కో అక్షరం విప్పుతుంది. వెంకటలక్ష్మి లేచి దేవుడి అర దగ్గరికి పోయింది. తిరుపతి నుంచి ఎవరో తెచ్చిచ్చిన తెలుగు స్తోత్రాల పుస్తకం అక్కడుంది. ప్రతి శుక్రవారం దానికి కుంకుమ పెట్టడమే గానీ తెరిచింది లేదు. లోపలి స్తోత్రాలు మాత్రం చిన్నప్పట్నించీ కంఠతా వచ్చు.

నోటితో పాడుతూ వేలితో వెతికింది. చూస్తే సగం అక్షరాలు తలపాగా మార్చుకున్న కన్నడ అక్షరాలే. మిగతా సగం కొంత ఏడిపించాయి. కాఫీ గ్లాసు పట్టుకుని భర్త పిల్లప్ప తొంగిచూశాడు.

"ఏమే, పరీక్షేమన్నా ఉండాదా?"

"ఉండాది. సుమ్నె కూర్చో, మాట్లాడొద్దు."

ఇరవై రోజులు పట్టింది. ఇరవై ఒకటో రోజు ఆదివారం పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని, చివరి అధ్యాయం తెరిచి, మొదటి పేజీ కూడబలుక్కుని చదివి ఆగిపోయింది. ఫోన్ తీసి అక్షరకి కలిపింది.

"ఆంటీ, చదివేశారా?"

"లేదమ్మా. ఇప్పుడు నీతోనే చదవల్ల అనుకున్నా. మెల్లగా చదువుతా, నగవద్దు."

"నవ్వను. చదవండి."

వెంకటలక్ష్మి వేలు అక్షరాల కింద పెట్టింది. మూడో తరగతి పిల్లలాగా ఒక్కో మాటా కూడదీసుకుంటూ మొదలుపెట్టింది.

"మృదుల... వీణ మీద... చెయ్యి పెట్టి... తీసేసింది. తరుణ్ కళ్ళలోకి... చూసి చెప్పింది. నాకు... ఇది రాదు. ఇన్నాళ్ళూ... నీకు అబద్ధం... చెప్పాను."

అక్కడ వేలు ఆపింది.

"ఎప్పుడు నేర్చుకున్నారు ఆంటీ?" అంది అక్షర.

"నువ్వు పోయినాక."

"తరుణ్ ఏమన్నాడు?"

"ఉండమ్మా, పేజీ తిప్పనీ," అంది వెంకటలక్ష్మి.