తెల్లకణంలో నీలిచుక్కలు

“ఇది కాస్త చూసిపెట్టు, నీకెలాగూ పొద్దస్తమానం ఖాళీయేగా,” అంటూ పశువుల డాక్టరు గాజుపలకను పొయ్యిగట్టు మీద పెట్టి స్నానానికి వెళ్ళిపోయాడు. ఆయన భార్య అప్పుడు అన్నం వారుస్తోంది. అత్తగారికి మాత్రలివ్వాలి, పిల్లకి జడ వేయాలి. అవన్నీ అయ్యాక భోజనాల బల్ల ఓ మూల తుడుచుకుని మైక్రోస్కోపు పెట్టుకుంది.

పాలావిడ ఆవుకి జ్వరమొచ్చి మెడగ్రంథి వాచింది. అందులోంచి తీసిన నమూనా అది. రంగు పట్టించి చూస్తే తెల్లకణాల నిండా నీలిచుక్కల గుంపులు. థైలేరియా క్రిమి. సందేహమే లేదు. చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్న భర్త దగ్గరికి పరుగున వెళ్ళింది.

“మామూలు జ్వరం మందుకి తగ్గదండీ. దీని ఇంజక్షను వేరే ఉంది, ఇవాళే పడాలి.”

“అది నా దగ్గర లేదు. తెప్పించాలంటే రెండ్రోజులు. అయినా నీకు ప్రతిదీ కొంప మునిగిపోయినట్టే కనిపిస్తుంది.”

ఆయన జ్వరం సూదే వేశాడు. మూడోరోజు ఆవు చచ్చిపోయింది.

పాలావిడ వచ్చి ముందుగదిలో నిలబడింది. డాక్టరు నిట్టూర్చి, “ఏం చెప్పమంటావమ్మా! స్లైడు చూసింది మా ఆవిడ. చదువుకుందిగా అని నమ్మాను,” అన్నాడు.

మంచినీళ్ళు తెస్తున్న ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ఒళ్ళంతా భగ్గుమంది. ఎనిమిదేళ్ళుగా ఈ ఇంటికొచ్చిన ప్రతి స్లైడూ తనే చూసింది. రోగం దొరికితే “నేను పట్టేశాను” అనేవాడు. చుట్టాలడిగితే “మా ఆవిడకి అదో కాలక్షేపం” అనేవాడు. పశువుల ఒంటికి పట్టి రక్తం తాగే గోమారు పురుగు కడుపులో ఆ క్రిమి ఎలా పెరుగుతుందో, ఆవు ఒంట్లోకి ఎలా దిగుతుందో నెలరోజులు కూర్చుని తను బొమ్మ గీస్తే, దాని కింద ఆయన తన పేరు రాసుకుని ఆస్పత్రి గోడకి తగిలించుకున్నాడు. “మొగుడి పేరైతే నీ పేరు కాదటే?” అని అత్తగారు నవ్వింది. ఇన్నాళ్ళకి, ఒక ఆవు చచ్చాక, ఆ పనంతా తనదే అయింది!

ఆమె గ్లాసు కింద పెట్టి, దాచి ఉంచిన ఆ స్లైడుని భోజనాల బల్ల మీది మైక్రోస్కోపులో పెట్టింది.

“అక్కా, ఇలా రా. ఒక కన్ను మూసుకుని ఇందులోంచి చూడు. ఆ నీలిచుక్కలు కనిపిస్తున్నాయా? గోమారు కుట్టినప్పుడు లోపలికెళ్ళింది ఆ క్రిమి. తెల్లకణంలో దూరి, కణంతో పాటే తనూ రెండింతలు, నాలుగింతలవుతుంది. ఆ తర్వాత ఎర్రకణాల్లోకి పోతుంది. ఆ రక్తం తాగిన గోమార్లు పెద్దవై ఇంకో ఆవుని పట్టుకుంటాయి. ఇది నేను మొదటిరోజు పొద్దున్నే ఈయనకి చెప్పాను.”

“లోపలికి పో!” అన్నాడు డాక్టరు.

పాలావిడ ఆయనవైపు చూడలేదు. “రెండో ఆవు నిన్నట్నించి మేత ముట్టట్లేదమ్మా,” అంది ఆమెతో.

డాక్టరు భార్య కాగితం తీసి జబ్బు పేరు, మందు పేరు రాసింది. “ఊళ్ళో ఇంకో డాక్టరున్నాడుగా, ఇది చూపించు. నేనూ వస్తున్నా, పద.”

“కింద సంతకం పెట్టడానికి నువ్వెవరివి?” భర్త గొంతు పెరిగింది.

“చూసినదాన్ని,” అని సంతకం పెట్టి, మైక్రోస్కోపుని చంకనెత్తుకుని ఆమె మెట్లు దిగింది.