పెద్దక్షరం అడిగిన మనిషి

మా ఆఫీసు కాగితాల్లో మేనేజరు అనే మాట ఇంగ్లీషులో ఎక్కడ వచ్చినా పెద్దక్షరంతో మొదలవ్వాలి. కంపెనీ, బోర్డు, చివరికి లిఫ్టు కూడా అంతే. కూర్చునే కుర్చీ లేని ఉద్యోగుల పేర్లు మాత్రం చిన్నక్షరంతో మొదలుపెడతాం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పదకొండేళ్ళుగా ఇక్కడ టైపిస్టుగా నేనూ అలాగే కొడుతున్నాను. వాళ్ళ పేర్లు వచ్చేసరికి, పెద్దక్షరం కోసం షిఫ్టు మీట నొక్కే నా చిటికెన వేలు కదలడం ఎప్పుడో మానేసింది.

గురువారం లిఫ్టు ఆపరేటరు నా బల్ల దగ్గరికొచ్చాడు. మర్నాడే అతని రిటైర్మెంటు.

“అమ్మా, రేపిచ్చే సర్టిఫికెట్టుకి మా అమ్మాయి ఫ్రేము కట్టిస్తానంటోంది. బళ్ళో ఇంగ్లీషు చెబుతుంది లెండి. ఈ ఒక్కసారికి నా పేరు పెద్దక్షరంతో వేస్తారా?”

అంటే ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాడు. రోజూ నన్ను నాలుగో అంతస్తులో దింపుతూ, “జాగ్రత్తమ్మా” అంటూ, ఇది లోపల మోస్తూనే ఉన్నాడు. మనిషి పేరు ఎలా మొదలవ్వాలో ఒకటో తరగతిలోనే నేర్పుతారు. దానికి ఇతను నన్ను బతిమాలాలా?

టైపు చేసి తీసుకెళ్ళాను. మేనేజరు ఎర్ర పెన్సిలు తీసి పేరు కింద గీత గీశాడు.

“ఇదేంటమ్మా, కొత్తగా?”

“ఆయన పేరు సార్.”

“లిఫ్టుకి పెద్దక్షరం వేశాంగా! చాలదా?”

“లిఫ్టు రిటైరవడం లేదు సార్.”

“ఇవాళ ఇతను, రేపు స్వీపరు. ఇక మనకీ వాళ్ళకీ తేడా ఏం ఏడిసింది? మార్చుకు రండి.”

మార్చలేదు. అదే మళ్ళీ కొట్టి తెచ్చాను. మళ్ళీ గీత. మూడోసారి ఆయన ముఖం కందగడ్డయింది.

“మీకు మెమో ఇస్తాను, తెలుసా?”

“ఇవ్వండి సార్. కొట్టాల్సింది నేనేగా.”

శుక్రవారం సాయంత్రం హాల్లో అందరూ ఎదురుచూస్తుంటే, మేనేజరు వేరే దారిలేక, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టాడు.

ఆపరేటరు సర్టిఫికెట్టు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. తన పేరు మీద వేలు పెట్టి చూపించాడు. కళ్ళు చెమర్చాయి.

“మీ మేలు మర్చిపోనమ్మా.”

మేలట! పదకొండేళ్ళు ఈ చేతులతోనే అతని పేరు చిన్నది చేశాను. ఒక్కనాడు సరిగ్గా రాసినందుకు దణ్ణం పెడుతున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

“నాకెందుకు చెబుతున్నారు?” అని అరిచాను.

అతను బెదిరిపోయి ఒక అడుగు వెనక్కి వేశాడు.

“తప్పయిపోయిందమ్మా,” అన్నాడు.