తొట్టెల బొంత

తివాచీ మీద రాలిన మెరుపుపొడిని బాలమణి తడిగుడ్డతో అద్ది తీస్తోంది. చీపురుతో ఊడిస్తే ఆ పొడి పోదు, ఇంకోచోటికి మారుతుందంతే. ఆ సంగతి ఆమెకు నిన్న సాయంత్రమే తెలిసింది. వచ్చే వారం ఉగాది. ఆరో అంతస్తు ఆఫీసులో పనిచేసే పిల్లలంతా కూర్చుని రంగుకాగితాలతో మామిడాకులు కత్తిరించి, జిగురు పూసి, మెరుపుపొడి చల్లి తోరణాలు కట్టారు. అద్దాల గోడ అవతల, రోడ్డు మధ్యలో నిజం వేపచెట్లు నిండుగా పూసి ఉన్నాయి. వాటికేసి ఎవరూ చూడలేదు గానీ, కాగితం వేపపువ్వు కోసం ఇద్దరమ్మాయిలు పని మానుకుని మరీ తంటాలు పడ్డారు. బాలమణికి అదేం వింతగా తోచలేదు. చేత్తో ఏదో ఒకటి చేసుకోవాలని ఎవరికుండదు?

ఆమెకూ ఉంది. నిన్నటిదాకా ఆమె చేసుకున్నదీ అదే. మనవరాలికి బొంత కుట్టింది.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, ముందుకు వంగిన భుజాలతో, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు గోడవారగా నడుస్తుంది. చీర మీద కంపెనీవాళ్ళిచ్చిన నీలం కోటు. నీళ్ళలో, నేల తుడిచే మందుల్లో నాని వేళ్ళ చివరలు తెల్లగా ముడతలు పడ్డాయి. షుగరొచ్చాక వాటిలో స్పర్శ కూడా తగ్గింది. మొన్న కాలే టీ గ్లాసును అలాగే పట్టుకుంటే తనతో పనిచేసే యాదమ్మ లాక్కుని తిట్టింది. నారాయణఖేడ్ దగ్గరి ఊరు విడిచి వచ్చినప్పుడు భర్త లింగయ్య ఉన్నాడు, చేతుల్లో బలం ఉంది. లింగయ్యను కామెర్లు తీసుకుపోయాయి. నానక్‌రామ్‌గూడలో ఒక గది, ఈ భవనంలో ఆరో అంతస్తు, కూతురు ప్రవళిక పెళ్ళి. ఆమె బతుకంతా చెప్పాలంటే ఇంతకన్నా పెద్దగా ఏమీ లేదు.

తొలి కాన్పు తల్లిగారింట జరగాలి. కానీ బాలమణి గదిలో ఇద్దరు పడుకుంటే మూడోవారికి చోటుండదు. అందుకే ప్రవళిక జీడిమెట్లలో అత్తగారింట్లోనే ఉండిపోయింది. వియ్యపురాలు పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే బాలమణిని ఎక్కువ బాధపెట్టింది. బిడ్డ పుట్టకముందు ఏదీ కుట్టకూడదు కాబట్టి, పుట్టిన కబురు వచ్చిన రోజే పెట్టె తీసి తన మెత్తటి పాత చీరలు రెండు, ప్రవళిక చిన్నప్పటి లంగా ఒకటి బయటికి లాగింది. మధ్యాహ్నం అన్నం తినే వేళ కింద సామాన్ల గదిలో కూర్చుని, ఎర్రదారంతో అంచుల నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చింది. నిన్న చివరి కుట్టు పడింది. సాయంత్రం అల్లుడు భాస్కర్ బండి మీద వచ్చి పట్టుకెళ్ళాడు. ఈ సాయంత్రం పిల్లను తొట్టెలలో వేస్తారు.

కోటు గుండీ ఊడిందని యాదమ్మ వచ్చింది. కుట్టిపెడతానని బాలమణి కొంగున దోపుకున్న చిన్న రేకుడబ్బా తీసి మూత తెరిచింది. దారపుండ ఉంది. సూది లేదు.

మొదట నవ్వింది. డబ్బాను బోర్లించి కొట్టింది. దారపుండను వేళ్ళతో నొక్కి చూసింది. అప్పుడు నిన్నటి సంగతి గుర్తొచ్చింది.

నిన్న చివరి కుట్టు వేస్తుండగానే సూపర్‌వైజర్ తలుపు దగ్గర నిలబడి కేకేశాడు. పైన మెరుపుపొడి డబ్బా ఒలికిందట, మర్నాడు పెద్దసార్లు వచ్చేలోపు శుభ్రం చేయాలట. లేచింది. ముడి వేసినట్టు గుర్తుంది. దారం తెంపిందా? పంటితో తెంపడం ఆమె అలవాటు. పళ్ళ మధ్య దారం తగిలినట్టు గుర్తు రావడం లేదు. మళ్ళీ కిందికి వచ్చేసరికి భాస్కర్ బయట ఎదురు చూస్తున్నాడు. బొంతను గబగబా మడిచి సంచిలో పెట్టి ఇచ్చేసింది.

ఇద్దరూ సామాన్ల గదిలో వెతికారు. బల్ల కింద, బకెట్ల వెనక, చీపుర్ల సందుల్లో. నిన్న వేసుకున్న కోటు ఉతుక్కి వేయడానికి తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. దాని జేబులు కూడా తిరగేసింది. ఏమీ లేదు.

"యాడనో పడుంటది లేవే. గింతదానికి పరేషాన్ ఎందుకు?" అంది యాదమ్మ.

బాలమణి పైకి వెళ్ళి మళ్ళీ తివాచీ ముందు కూర్చుంది. ఇప్పుడక్కడ ప్రతి మెరుపూ సూదిమొనే. గుడ్డతో అద్దిన చోటల్లా ఇంకోటి తళుక్కుమంటోంది. ఆ చిన్నదాని వీపు ఎంతుంటుంది, తన అరచేయంత ఉంటుందేమో. ఆ వీపు కింద ఆ ఇనుము. ఆలోచన అక్కడికి వచ్చేసరికి ఒళ్ళంతా చెమట పట్టింది. ఎడమ భుజం లాగుతోంది. పొద్దుటి మాత్ర వేసుకోలేదని గుర్తొచ్చింది గానీ, మాత్ర కోసం కిందికి దిగేంత ఓపిక మనసుకు లేదు. మెట్ల దగ్గర నిలబడి కూతురికి ఫోన్ చేసింది.

"పొల్ల ఏం జేస్తున్నది బిడ్డా?"

"పండుకున్నదమ్మా. నువ్వు కుట్టిన బొంత మీదనే. పొద్దుగాల్నుంచి కదుల్తనే లేదు."

బాలమణి గోడ పట్టుకుంది. "జర లేపు. బొంత తీసి పక్కకు పెట్టు. తొట్టెల పండుగకు మాసిపోతది" అంది.

"అత్తమ్మనే పరిచింది, నేనెట్ల తియ్యాలె? మంచిగున్నదని వచ్చినోళ్ళందరికి చూపెడుతున్నది."

వెనక వియ్యపురాలి గొంతు వినిపించింది, ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. చెప్పేద్దామని బాలమణి నోరు తెరిచింది. కానీ పసిపిల్ల పక్కలో సూది దొరికితే, అది మరిచిపోయిన సూది అని ఎవరూ అనుకోరు. కావాలని పెట్టిన సూది అనుకుంటారు. పోయినేడు గేటు ముందు నిమ్మకాయ కనిపించిందని వియ్యపురాలి వీధిలో రెండిళ్ళకు ఇప్పటికీ మాటల్లేవు. తల్లి చేతి బొంతలో సూది వచ్చిందన్న మాట పుడితే ప్రవళిక ఆ ఇంట్లో తలెత్తుకుని ఎలా తిరుగుతుంది? చెప్పకపోతే పిల్ల ఏమవుతుంది? పిల్ల బట్టలు ఒకసారి విప్పి చూడమని మాత్రం అంది. చీమలున్నాయేమోనని అబద్ధం చెప్పింది. చూశాననీ, ఏమీ లేవనీ, మళ్ళీ పడుకోబెట్టాననీ ప్రవళిక కాస్త విసుగ్గా చెప్పి ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడే పంపమని సూపర్‌వైజర్‌ను బతిమాలింది. పెద్దసార్లు వచ్చిపోయాక వెళ్ళమన్నాడు. చెడ్డవాడు కాదు, అతని భయాలు అతనివి. వచ్చినవాళ్ళు కాగితం తోరణాల కింద నిలబడి ఫొటోలు దిగారు, మిఠాయిలు తిన్నారు. బాలమణి గోడవారన చేతులు కట్టుకుని నిలబడి వాళ్ళ నవ్వులు ఎప్పుడు అయిపోతాయా అని చూసింది. అన్నం డబ్బా తెరవలేదు. వాళ్ళు లిఫ్టు ఎక్కారో లేదో ఆమె మెట్లు దిగేసింది.

షేర్ ఆటోలో కొత్తగూడ దాకా, అక్కడి నుంచి కూకట్‌పల్లి మీదుగా బస్సు. బస్సు ఆగిన ప్రతిచోటా ప్రాణం విసిగింది. దారి పొడుగునా ఒకటే మొక్కుకుంది. గుచ్చుకుంటే నాకు గుచ్చుకోనీ తల్లీ, దానికొద్దు.

ఇంటి ముందు షామియానా వేశారు. లోపల చెక్క తొట్టెలకు బంతిపూలు, బుడగలు కట్టారు. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి ఉన్నారు. పిల్ల తొట్టెలలోనే, ఎర్రకుట్ల బొంత మీద, గుప్పిళ్ళు మూసుకుని పడుకుని ఉంది. బాలమణి ఎవరినీ పలకరించకుండా నేరుగా వెళ్ళి పిల్లను ఎత్తేసింది. ఉలిక్కిపడి అది కెవ్వుమంది. బాలమణి చొక్కా ఎత్తి వీపు చూసింది, తొడలు చూసింది, చంకలు చూసింది. ఎక్కడా చిన్న గాటు కూడా లేదు. ఆకలి ఏడుపని ప్రవళిక నవ్వి బిడ్డను అందుకుంది.

"అమ్మమ్మ తల నిండ మెరుపులే" అంది వియ్యపురాలు, ఆమె జుట్టుకు అంటిన పొడిని చూసి. తర్వాత పక్కింటావిడకు బొంత అంచు ఎత్తి చూపించింది. గింత సన్న కుట్టు ఈ రోజుల్ల ఎవరు కుడతరు, మా వదినె చెయ్యి గది, అంది. ఇన్నేళ్ళలో ఆమె నోట బాలమణి విన్న మొదటి మెప్పు అదే. విని సంతోషించే స్థితిలో ఆమె లేదు.

బొంతను చేతుల్లోకి తీసుకుని సర్దుతున్నట్టు వేళ్ళతో తడిమింది. ఒకప్పుడు బియ్యంలో మెరికను కళ్ళు మూసుకుని ఏరిన వేళ్ళు. ఇప్పుడు వాటికి ఏమీ తెలియడం లేదు. సూది ఉన్నా, లేకున్నా ఒకటే. చెంపకు ఆనించుకుంది. నడుమ చాలా పొరలున్నాయి, ఏ పొరలో ఏముందో చెంపకేం తెలుస్తుంది? పిల్లకు పాలు పట్టడం అయిపోయింది. వేసేద్దాం, పాటలు మొదలుపెడదాం అంటున్నారు.

బాలమణి బొంతను మడిచి చంకలో పెట్టుకుంది.

"మా దిక్కు ఒక రివాజున్నది వదినె" అంది. "అమ్మమ్మ ఒక్కరోజు దీని మీద పండుకున్నంకనే పిల్లకు ఏస్తరు. ఇయ్యాల కొంటబోయి రేపు తెస్త."

వియ్యపురాలి నవ్వు ఆగిపోయింది. "గా సంగతి నిన్న పంపినప్పుడు యాదికి రాలేదా?" అని మాత్రం అడిగింది.

అలాంటి రివాజు ఎక్కడా లేదని ప్రవళికకు తెలుసు. పిల్లను భుజాన వేసుకుని దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా అంది, "ఇచ్చింది గీ బొంతొక్కటే. అది గుడ వాపస్ కొంటవోతవా అమ్మా?"

బాలమణి తల వంచుకుంది. ఆ మాట ఏ సూదీ గుచ్చుకోనంత లోతుగా దిగింది. అయినా చంకలోని బొంత వదల్లేదు.

తొట్టెలలో దుకాణం నుంచి తెచ్చిన ఎలుగుబంటి బొమ్మల పరుపు వేశారు. చెవిలో ఆమని అని పేరు చెప్పారు. ఊపుతూ పాటలు పాడారు. బాలమణి మూలన కుర్చీలో, సంచి ఒళ్ళో పెట్టుకుని, గొంతు కలిపీ కలపనట్టు తనూ పాడింది. పరుపు మీద పిల్ల హాయిగా కాళ్ళు ఆడించడం చూస్తుంటే, పొద్దుటి నుంచి బిగపట్టిన ఊపిరి కొంచెం వదిలింది. వెళ్ళేటప్పుడు ప్రవళిక గుమ్మం దాకా రాలేదు.

గదికి చేరాక చాప పరిచి, దాని మీద బొంత వేసి పడుకుంది. వెల్లకిల తిరిగింది, బోర్లా తిరిగింది, అంగుళం వదలకుండా దొర్లింది. ఎక్కడా ఏదీ గుచ్చుకోలేదు. పాత చీరల మెత్తదనం, వాటి మీద పసిపిల్ల పాల వాసన. తెల్లారి జీడిమెట్ల పోయి బొంత ఇచ్చి, కూతురికి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి అనుకుంది. కుడిపక్కకు ఒత్తిగిలి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుంది.

పొద్దున పనికి రాలేదేమని యాదమ్మ వచ్చి చూసేసరికి అలాగే పడుకుని ఉంది. గుండె ఆగిందన్నారు దవాఖానలో. ప్రవళిక ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లింది. తేరుకున్నాక బొంత ఇమ్మని అడిగింది. పోయిన మనిషి పక్కబట్ట పచ్చి బాలెంత ఇంటికి పోకూడదని పెద్దలు ఒప్పుకోలేదు. చాపతో పాటు దాన్ని కూడా శ్మశానం గోడ దగ్గర పడేశారు. ఎర్రకుట్లు పైకి కనబడుతూనే ఉన్నాయి.

ఉగాది వెళ్ళాక ఆరో అంతస్తుకు కొత్త మనిషిని తీసుకున్నారు. సామాన్ల గది తలుపు వెనక మేకుకు ఎవరూ ఉతుక్కి వేయని కోటొకటి ఉంటే తొడుక్కోమన్నారు. తొడుక్కుని గుండీలు పెట్టుకుంటుంటే మెడ వెనక చురుక్కుమంది. కాలరు మడత లోపల, ఎవరో హడావిడిగా గుచ్చి మరిచిపోయినట్టుంది. ఎవరికైనా పనికొస్తుందిలే అని ఆమె దాన్ని తీసి గోడ మీది క్యాలెండరుకు గుచ్చింది.

సన్నటి పొడుగు సూది, పంటితో తెంపిన ఎర్రదారం ముక్క ఇంకా దాని కంట్లోనే ఉంది.