ఆరని పేరు

ప్రతి సోమవారం పొద్దున్నే గుమస్తా కోటలోని వంశపుస్తకం తెరిచి, చిన్నదొర పేరు మీద అద్దుడు కాగితం మార్చేవాడు. అరవై ఏళ్ల కిందట రాసిన ఆ ఒక్క వరుసా ఇంకా తడిగానే ఉంది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. పుస్తకం ముట్టుకునేవాళ్లతో "చొక్కా జాగ్రత్త" అనేవారు, అంతే.

ఆ పుస్తకంలో అబద్ధం ఆరదని, తన గుమస్తా కుర్చీ అప్పగించే రోజున తండ్రి అతని చెవిలో ఊదాడు. గుమస్తా నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదీ నవ్వేవారు గానీ, ఈ ఒక్క గింజ ముప్పై ఏళ్లుగా నానుతూనే ఉంది.

ఈ సోమవారం మాత్రం కోటంతా ఒక కవరు కోసం ఎదురుచూస్తోంది. పెద్దదొర పోయి నెలైనా కాలేదు. గోడ మీది ఏడు తరాల పటాల్లో ఎవరి ముక్కూ ఆయన కూతురికి రాలేదని, ఆమె తమ రక్తమే కాదని తమ్ముడు చిన్నదొర గొడవ లేవదీశాడు. బాబాయీ, అమ్మాయీ ఇద్దరూ డీఎన్ఏ పరీక్షకు ఉమ్మి ఇచ్చొచ్చారు. రక్తం కలవనివాళ్లకు కోటలో చోటు లేదన్నది తాతలనాటి కట్టుబాటు.

కవరు రానే వచ్చింది. చిన్నదొర చించి చదివి, బల్ల మీద కొట్టాడు.

"చూశావా! మా ఇద్దరికీ ఏ రక్తసంబంధమూ లేదట. కొట్టెయ్ దాని పేరు. సాయంత్రానికల్లా పెట్టె సర్దుకోవాలి."

అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. గుమస్తా కలం ముంచి, ఆమె పేరు మీద వేలు పెట్టి చూశాడు. పొడిగా ఉంది. నోరు విప్పితే తన కొలువు ఊడుతుంది, విప్పకపోతే ఈ పిల్ల వీధిన పడుతుంది. కలం కింద పెట్టేశాడు.

"ఇద్దరిలో ఒకరు బయటివాళ్లని తేలింది, దొరగారూ. ఎవరన్నది ఆ కాగితం చెప్పలేదు." అద్దుడు కాగితం తీసి పక్కన పెట్టాడు. "ఈ పుస్తకంలో అబద్ధం ఆరదండీ."

చిన్నదొర పేరు పక్కన 'కన్న కొడుకు' అన్న మాటలు తడిగా మెరిశాయి. ఆయన వేలితో తుడిచేయబోయాడు. వేలు నల్లబడింది గానీ అక్షరం చెదరలేదు. మొహంలో నెత్తురు చుక్క లేకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"మరి నేనెవర్ని?"

ఆయన్ని వెళ్లిపొమ్మనడానికి ఇప్పుడు అమ్మాయి ఒక్క మాటంటే చాలు. ఆమె ఆ నల్లటి వేలిని చూసింది.

"గుమస్తాగారూ, 'కన్న' కొట్టేసి 'పెంచిన' అని రాయండి."

రాశాడు. ముగ్గురూ వంగి చూస్తుండగానే వరుసంతా ఆరిపోయింది. చిన్నదొర రెండో చేతి వేలు పెట్టి చూసుకున్నాడు. ఏమీ అంటలేదు.

"చెయ్యి కడుక్కుని రండి, బాబాయ్," అంది అమ్మాయి. "అన్నం తిందాం."