నా చేతిరాతలో చెంపదెబ్బ

పప్పు మాడింది. పొయ్యి మీద పప్పు పెట్టి, పక్కనే పీట మీద కాగితాలు పరుచుకుని మా ఆయన రాసిన సీరియల్‌కు నకలు తీస్తున్నాను. అందులో కథానాయిక వానలో తడుస్తోంది. ఆమె తడవడం గురించి ఆయన పేజీలు పేజీలు రాశాడు. అవి అయ్యేలోపల ఇక్కడ పప్పు అడుగంటింది. ఆయన వచ్చి చెంప మీద కొట్టాడు. "ఒక్క పనన్నా సక్కంగా చేస్తావా?" అన్నాడు. రెండు పనులు ఒకేసారి చేస్తున్నానని నాకు తట్టింది.

మా ఆయన మద్దిలేటి ఆళ్లగడ్డ హైస్కూల్లో తెలుగు అయ్యవారు. తన పేరుతో పంపిన కథలన్నీ గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చాయి. ఆ రోజుల్లో ఏ వారపత్రిక తిరగేసినా ఆడవాళ్లు రాసిన సీరియల్సే. నంద్యాలలో అద్దె పుస్తకాల అంగడికి పోయినా ఆడవాళ్ల నవలలకే గిరాకీ. దాంతో నా పేరు పెట్టి పంపడం మొదలుపెట్టాడు. రామేశ్వరమ్మ అంటే ముసలిదనుకుంటారని తోక కత్తిరించి రామేశ్వరి చేశాడు. రాత కూడా ఆడదానిదే అయ్యుండాలని నకలు నాకు అప్పజెప్పాడు. పత్రికవాళ్లు ఫొటో అడిగితే, నంద్యాల స్టూడియోలో ఇద్దరం దిగిన దాంట్లోంచి తనను కత్తిరించి నన్ను పంపాడు. అచ్చులో నా భుజం మీద ఆయన వేళ్లు మిగిలిపోయాయి. అది చూసి మా అత్త రామలక్ష్మమ్మ, "పేపర్లో బొమ్మ పడితే సాలదు మ్మే, కసువు ఊడ్చినావా?" అంది.

ఆ చెంపదెబ్బ తరువాతి భాగంలోకి వచ్చేసింది. కథానాయకుడు కొడతాడు. ఆమె అద్దంలో ఆ వేళ్ల గుర్తులు చూసుకుని, ఇంత కోపం వచ్చిందంటే ఎంత ప్రేమో అని మురిసిపోతుంది. నా చెంప ఇంకా మండుతూనే ఉంది, నేను ఒక్క క్షణం కూడా మురిసిపోలేదు.

"ఇది తీసెయ్. ఏ ఆడదీ ఇట్లా అనుకోదు" అన్నాను.

"నీకేం తెలుసే? సదివేది ఆడోళ్లు, వాళ్లకు ఇట్లాంటియే కావాల. మొగోడు రాస్తే తిడ్తారు. ఆడదే రాసిందంటే, ఔను గదా అనుకుంటారు. నువ్వు రాయి."

రాశాను.

విత్తనాలకని మా ఇంటి వసారాలో శెనక్కాయలు ఒలవడానికి ఓబులమ్మ, ఆమె కూతురు లింగమ్మ వచ్చేవాళ్లు. లింగమ్మ ప్యాపిలిలో మొగుడి దెబ్బలు తట్టుకోలేక పుట్టింటికి వచ్చేసిన పిల్ల, ఇంక పోనని పట్టుపట్టి కూర్చుంది. ఇద్దరికీ చదువు రాదు, వారం వారం నాతో సీరియల్ చదివించుకునేవాళ్లు. ఆ చెంపదెబ్బ భాగం విన్న రోజు లింగమ్మ చేతిలో కాయ ఒలవకుండా అట్లాగే పట్టుకుంది. "ఇట్లా గూడా ఉంటాదా అక్కా?" అని అడిగింది. గడప దగ్గర అత్త కూర్చుని ఉంది. నేను పేజీ తిప్పాను.

మరుసటి వారం ఓబులమ్మ ఒక్కతే వచ్చింది. "మా పిల్లకు బుద్ధి వచ్చింది తల్లీ, కాపురానికి పోయింది. నీ పుణ్యమే" అంది.

లింగమ్మ మళ్లీ కనిపించేసరికి సీరియల్ ముగింపుకు వచ్చింది. వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంది. పలకరిస్తే పలకలేదు. ఓబులమ్మే ఆమె తల ఇటు తిప్పి, "ఈ పక్క నుంచి మాట్లాడమ్మా. ఎడమ చెవి పోయింది" అంది.

"నువ్వు రాసినావు గదక్కా" అంది లింగమ్మ. గొంతులో కోపం కూడా లేదు. "మొగోడు రాసింటే నమ్మకపోదును. ఆడదానివి, అబద్ధం ఎందుకు రాస్తావులే అని పోయినా."

నేను రాయలేదని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ అక్షరాలు పెట్టింది ఈ చెయ్యే. అది తీసెయ్ అని మొగుడితో అన్నదాన్ని, ఈ పిల్లతో ఒక్క మాట అనలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం ఆఖరి భాగం నకలుకు కూర్చున్నాను. ఆయన రాసిన దాంట్లో కథానాయిక భర్త పాదాలు కన్నీళ్లతో కడుగుతుంది. ఆ కాగితాలు పక్కన పెట్టాను. అతను మళ్లీ కొట్టినట్టు, ఆమెకు ఒక చెవి పోయినట్టు రాశాను. ఇంకోసారి అతను చెయ్యెత్తితే, ఆ చెయ్యి దిగకముందే ఆమె గొళ్లెం తీసి రోడ్డెక్కినట్టు, బస్సొస్తే ఎక్కినట్టు, వెనక్కి చూడనట్టు రాశాను. ఎక్కడా చెయ్యి ఆగలేదు. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వస్తోంది, రానిచ్చాను.

"నకలు అయిందా?" అన్నాడు ఆయన.

"అయింది."

ఆయన దాన్ని చదివి చూడలేదు, ఎప్పుడూ చూడడు. నకలుకు తలకాయతో పనేముంది అంటాడు. పొద్దున్నే నేనే పోయి పోస్టు చేసి వచ్చాను. పత్రిక వచ్చాక చదువుతాడు, చదివి చెయ్యెత్తుతాడు.

అప్పుడు నేనేం చేస్తానో అందులోనే రాశాను.